క్రూడ్ తినే బ్యాక్టీరియా పొడి: పొడికి రెండు స్టార్లు, పద్ధతికి నాలుగు

ముందే చెప్పేస్తున్నా, ఇది పనికిరాని సరుకు కాదు, అలాగని సంచి మీద బొమ్మలేసి రాసినంత మహిమ కూడా లేదు. ముడి చమురు ఒలికిన మట్టిని బాగుచేసే బ్యాక్టీరియా పొడి, దాంతో పాటు వాళ్ళ టెక్నీషియన్ వచ్చి ఎలా వాడాలో చూపించే సర్వీసు, రెండూ కలిపి తీసుకున్నాం. కంపెనీ పేరు రాయట్లేదు, ఇదే రకం పొడి రకరకాల పేర్లతో చాలామంది అమ్ముతున్నారు, నేను చెప్పేది దాదాపు అన్నింటికీ సరిపోతుంది. నేను చూసుకునేది క్రూడ్ స్టోరేజ్ ట్యాంకుల యార్డు. ట్యాంకుల చుట్టూ ఉన్న గట్టు లోపల పాత లీకేజీల వల్ల నల్లబడిన మట్టి బోలెడంత పేరుకుపోయింది, దాన్ని తవ్వి తీసుకెళ్ళి కాల్పించాలా, ఇక్కడే ఉంచి శుభ్రం చేయాలా అన్న చర్చ వచ్చినప్పుడు ఈ పొడి వాళ్ళు రంగంలోకి దిగారు.

అమ్మేవాళ్ళ మాట ఎలా ఉంటుందంటే, చల్లేయండి, నీళ్ళు కొట్టండి, ఇక మర్చిపోండి, బ్యాక్టీరియా నూనె మొత్తం తినేసి నీళ్ళు, కార్బన్ డయాక్సైడ్ చేసేస్తుంది, తిండి అయిపోగానే అదే చచ్చిపోతుంది అని. వినడానికి భలే ఉంటుంది. ఇందులో ‘మొత్తం’ అన్న మాట తప్ప పచ్చి అబద్ధం ఏమీ లేదు గానీ, చెప్పకుండా దాటేసినవి మాత్రం చాలా ఉన్నాయి. ఈ రివ్యూ ఆ దాటేసిన వాటి గురించే.

సంచి విప్పితే లోపల లేత గోధుమ రంగులో పొట్టు పొడి, దానికి పట్టించి ఆరబెట్టిన బ్యాక్టీరియా. వాసన తడి మట్టి వాసనే, వేరే ఘాటు ఏమీ లేదు. లేబుల్ మీద గ్రాముకి ఇన్ని కోట్ల బ్యాక్టీరియా అని పెద్ద అంకె, కింద పేర్లు సూడోమోనాస్, రోడోకోకస్, ఎసినెటోబాక్టర్, బాసిల్లస్. ఇవన్నీ నిజంగానే నూనె తినే జాతులే, అందులో డౌట్ లేదు. కానీ ఇంటిపేర్లు మాత్రమే రాసి అసలు పేర్లు రాయకపోవడం నాకు నచ్చలేదు, ఎందుకంటే సూడోమోనాస్‌లోనే ఎరుజినోసా అనే రకం ఉంది, అది నూనె బాగానే తింటుంది గానీ ఒంట్లో ఓపిక లేనివాళ్ళకి, కాలిన గాయాలున్నవాళ్ళకి ఇన్ఫెక్షన్లు తెచ్చిపెట్టే రకం కూడా అదే. మీ పొడిలో అది ఉందా లేదా అని అడిగితే మాకు వెంటనే జవాబు రాలేదు, మెయిల్ పెట్టి, మళ్ళీ గుర్తు చేసి, చివరికి లేదని రాతపూర్వకంగా తెప్పించుకున్నాం. మీరు మాత్రం ఆర్డర్ పెట్టకముందే అడగండి. ఉన్నా లేకపోయినా పొడి చల్లేటప్పుడు మాస్కు, గ్లవ్స్ లేకుండా ఎవర్నీ దగ్గరికి రానివ్వకండి, గాలికి ఆ పొట్టు ముక్కుల్లోకి పోతుంది.

వాడే విధానం ఏంటంటే పొడిని క్లోరిన్ లేని నీళ్ళలో కలిపి, చిన్న ఎయిర్ పంపుతో బుడగలు కొడుతూ ఓ రాత్రంతా నిద్ర లేపాలి. కుళాయి నీళ్ళు నేరుగా పోస్తే అందులో క్లోరిన్ ఉన్నదే బ్యాక్టీరియాని చంపడానికి, కాబట్టి డబ్బు పెట్టి కొన్నదాన్ని మనమే చంపుకున్నట్టు. మర్నాటికి డ్రమ్ము పైన నురగ కట్టింది. ఈ బ్యాక్టీరియాల్లో కొన్ని తమకి కావాల్సిన సబ్బులాంటి పదార్థాన్ని తామే తయారు చేసుకుంటాయి, రామ్నోలిపిడ్లు అలాంటివే. ఎందుకు అంటే నూనె నీళ్ళలో కలవదు, ఇవేమో మట్టి రేణువు చుట్టూ ఉండే నీటి పొరలో బతుకుతాయి, నూనెని చిన్న చిన్న బిందువులుగా విడగొట్టుకుంటే తప్ప నోటికి అందదు. నోరు అని ఊరికే అన్నా, వాటికి నోరేం ఉండదు.

తినడం అంటే లోపల జరిగేది ఇదీ. క్రూడ్‌లో నిటారుగా గొలుసులా ఉండే ఆల్కేన్లు ఉంటాయి కదా, వాటి చివర ఒక ఆక్సిజన్ పరమాణువుని తగిలించే ఎంజైము ఈ బ్యాక్టీరియా దగ్గర ఉంటుంది. అది తగలగానే ఆల్కేన్ కాస్తా ఆల్కహాల్ అవుతుంది, అది ఆల్డిహైడ్, తర్వాత కొవ్వు ఆమ్లం, ఇక కొవ్వు ఆమ్లం అయ్యాక మన ఒంట్లో కొవ్వు కరిగే దారిలోనే రెండేసి కార్బన్లు కోసుకుంటూ పోతుంది. బెంజీన్ లాంటి రింగులున్నవైతే వేరే ఎంజైము రెండు ఆక్సిజన్లు పెట్టి రింగు పగలగొట్టాలి, ఇది కష్టమైన పని. అందుకే వరసలో ముందు నిటారు గొలుసులు పోతాయి, తర్వాత కొమ్మలున్నవి, చిన్న రింగులవి, ఆ తర్వాతెప్పుడో నాలుగైదు రింగులు అతుక్కున్నవి, చివర్లో రెజిన్లు, ఆస్ఫాల్టీన్లు, అంటే తారులో ఉండే సరుకు, అది దాదాపు కదలదు. గమనించారా, మొదటి అడుగులోనే ఆక్సిజన్ కావాలి. ఈ ఒక్క ముక్క బుర్రలో ఉంటే ఈ సర్వీసులో ఏది అసలు పనో ఏది షోకో మీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తా. మట్టిని మూడు మడులుగా విడగొట్టమని మేమే పట్టుబట్టాం, వాళ్ళ టెక్నీషియన్‌కి అంత ఇష్టం లేదు. ఒకదాంట్లో పొడి, ఎరువు, దున్నడం అన్నీ. రెండోదాంట్లో పొడి తప్ప మిగతావన్నీ అలాగే, అదే యూరియా, అదే డీఏపీ, అదే తడి, అదే రోటవేటర్. మూడోదాన్ని ఏమీ చేయకుండా వదిలేశాం. మొదట్లో పొడి వేసిన మడి కొంచెం ముందుంది, వాసన త్వరగా తగ్గింది, కాదనను. తర్వాత తర్వాత ల్యాబ్ రిపోర్టులు వచ్చేకొద్దీ మొదటిదానికీ రెండోదానికీ తేడా కరిగిపోయింది, చివరికి రెండూ ఒకేలా ఉన్నాయి, రెండింట్లోనూ నూనె సగానికి పైగా పోయింది. ఏమీ చేయని మడి మాత్రం పైపైన ఎండి గట్టిపడి, లోపల ఎప్పట్లానే జిడ్డుగా ఉంది. అంటే పని చేసింది ఎవరు? ఆ మట్టిలో ముందు నుంచీ ఉన్న బ్యాక్టీరియానే. సొమ్మొకడిది సోకొకడిది అంటే ఇదే, పని మట్టిది, పేరు పొడిది.

ఇది మా ఒక్క యార్డు ముచ్చట కాదు. 1989 మార్చి 24న అలాస్కాలో ఎక్సాన్ వాల్డెజ్ ఓడ రాళ్ళకి గుద్దుకుని సుమారు 37 వేల టన్నుల క్రూడ్ సముద్రంలో కలిసింది, తీరం పొడుగునా రాళ్ళన్నీ నల్లగా. అక్కడ బ్యాక్టీరియాతో శుభ్రం చేశారని అందరూ చెప్తారు గానీ, నిజానికి వాళ్ళు పెద్ద ఎత్తున చల్లింది బ్యాక్టీరియా కాదు, ఎరువు. నూనెకి అతుక్కునే ఇనిపోల్ అనే ద్రవ ఎరువు ఒకటి, మెల్లగా కరిగే కస్టమ్‌బ్లెన్ గుళికలు ఒకటి. అక్కడి బ్యాక్టీరియా ఆ నైట్రోజన్, ఫాస్ఫరస్ దొరికేసరికి అదే పుంజుకుంది. మార్కెట్లో దొరికే బ్యాక్టీరియా సరుకుని కూడా 1990లో అదే తీరంలో పక్కపక్కన పెట్టి చూశారు, ఎరువుతో వచ్చినదానికంటే గుర్తించదగ్గ లాభం కనిపించలేదు. ఇన్నేళ్ళ నుంచీ తెలిసిన విషయమే, బ్రోషర్లలోకి మాత్రం ఇంకా రాలేదు.

ఎందుకిలా అంటే కారణం సింపులే. క్రూడ్ మనిషి కనిపెట్టిన ప్లాస్టిక్ కాదు, కోట్ల ఏళ్ళ నుంచి భూమిలోంచి, సముద్రం అడుగు నుంచి తనంతట తానే ఊరుతూనే ఉంది, దాన్ని తినే జీవాలు ఎప్పుడో తయారయ్యాయి. శుభ్రమైన మట్టిలో ఇవి అరకొరగా ఉంటాయి, నూనె పడగానే మిగతావి చచ్చి ఇవి పెరుగుతాయి. మా మట్టి ఏళ్ళ తరబడి నూనెలో నానింది కాబట్టి అందులో వీటికి కొదవే లేదు. బయట నుంచి ల్యాబులో పెంచి తెచ్చినవాటికి ఈ నేల కొత్త, ఉన్నవాటితో పోటీ, పైగా వాటిని తినేసే ప్రోటోజోవా ఒకటి, కొన్నాళ్ళకే తగ్గిపోతాయి. కొత్తగా ఒలికిన చోట, లేదా ఏ జీవమూ లేని ఇసుక పూడికలో, లేదా ఉప్పు, చలి వల్ల నేలలోనివి మరీ బలహీనంగా ఉన్నచోట బయటవి ఉపయోగపడొచ్చు, ఆ మాట ఒప్పుకుంటా. మా కేసు అది కాదు, చాలామందిదీ కాదు.

సరే, మరి పద్ధతికి నాలుగు స్టార్లు ఎందుకు ఇచ్చానంటే ఆ టెక్నీషియన్ నేర్పిన పని వల్ల. పొడి గురించి అడిగితే నీళ్ళు నమిలేవాడు గానీ మట్టి గురించి మాత్రం అతనికి బాగా తెలుసు.

మొదటిది ఎరువు లెక్క. కార్బన్, నైట్రోజన్, ఫాస్ఫరస్ 100:10:1 ఉండాలి అనేది ఈ ఫీల్డులో అందరూ వాడే మోటు లెక్క. టన్ను మట్టిలో 2 శాతం నూనె ఉందనుకోండి, అంటే 20 కిలోలు, అందులో కార్బన్ దాదాపు 17 కిలోలు. ఆ లెక్కన నైట్రోజన్ 1.7 కిలోలు, ఫాస్ఫరస్ 170 గ్రాములు కావాలి. డీఏపీ ముప్పావు కిలో పైచిలుకు వేస్తే ఫాస్ఫరస్ సరిపోతుంది, దాంతో కొంచెం నైట్రోజన్ కూడా వస్తుంది, మిగతాది మూడున్నర కిలోల లోపు యూరియా. చూడ్డానికి చిన్న అంకెలే కానీ మట్టి వందల టన్నులు ఉంటే బస్తాల మీద బస్తాలు. అంతా ఒకేసారి గుమ్మరిస్తే అమ్మోనియా ఘాటెక్కి, ఉప్పదనం పెరిగి బ్యాక్టీరియాకే దెబ్బ, అందుకని విడతలు విడతలుగా వేయించాడు, వేసే ముందు ప్రతిసారీ మట్టిలో ఎంత మిగిలిందో టెస్టు చేయించాడు. వాన పడే సూచన ఉంటే ఆ రోజు వేయనిచ్చేవాడు కాదు, కరిగి భూగర్భ జలంలోకి నైట్రేట్ పోతే నూనె సమస్య పోయి ఇంకో సమస్య తెచ్చుకున్నట్టు కదా.

రెండోది పదును. గుప్పెట్లో మట్టి తీసుకుని గట్టిగా నొక్కితే ముద్ద కట్టాలి, వేలితో పొడిస్తే విడిపోవాలి, వేళ్ళ సందుల్లోంచి నీళ్ళు కారకూడదు. నేల పట్టుకోగల నీటిలో సగం నుంచి ముప్పాతిక దాకా ఉంటే బాగుంటుంది. ఇక్కడో తిరకాసు ఉంది, నూనె పట్టిన మట్టి నీళ్ళని తోసేస్తుంది. పైన నీళ్ళు కొడితే చుక్కలు చుక్కలుగా దొర్లిపోయి పల్లంలో మడుగు కట్టాయి, లోపల ఎండు దుమ్ము. సన్న జల్లుగా చాలాసేపు కొట్టి, మధ్యలో తిరగేస్తూ మళ్ళీ కొట్టాల్సి వచ్చింది. ఎక్కువైతే ఇంకా కష్టం, మట్టి సందులన్నీ నీళ్ళతో నిండిపోతే గాలి లోపలికి పోదు, ఆక్సిజన్ గాల్లో కదిలేదానికంటే నీళ్ళలో దాదాపు పదివేల రెట్లు నెమ్మదిగా కదులుతుంది. అందుకే వానలప్పుడు టార్పాలిన్లు కప్పడం, ఎండ రాగానే తీయడం, ఇదొక పెద్ద తద్దినం, బ్రోషర్‌లో ఈ ముక్కే లేదు.

ఇక దున్నడం. అసలు పనంతా ఇక్కడే ఉంది. కిలో నూనెని పూర్తిగా కాల్చుకోవాలంటే బ్యాక్టీరియాకి మూడు కిలోల పైనే ఆక్సిజన్ కావాలి. మళ్ళీ మన టన్ను మట్టికి వస్తే, 20 కిలోల నూనెకి 60 కిలోల పైన ఆక్సిజన్, అంటే రెండొందల ఘనపు మీటర్లకి పైగా గాలి, ఆ టన్ను మట్టి పరిమాణమేమో ఒక ఘనపు మీటరు కూడా ఉండదు. ఆ గాలంతా ఎలా పోవాలి? తిరగేయాలి, తిరగేస్తూనే ఉండాలి. రోటవేటర్ వెళ్ళాక పైకి చక్కగా గోధుమ రంగు మట్టి కనిపిస్తుంది, ఫోటో తీస్తే అద్భుతంగా వస్తుంది. నేను ఒక పెడ్డ చేతిలోకి తీసుకుని విరిచి చూశా. పైన అర అంగుళం మందాన పొడిపొడిగా, మట్టి వాసన. లోపల నల్లగా, తడిగా, మెరుస్తూ, ముక్కు పగిలే క్రూడ్ వాసన. ఒకే పెడ్డలో రెండు లోకాలు. గాలి తగిలినంత మేర తిన్నాయి, తగలని చోట ఆగిపోయాయి. ఆ పెడ్డ చూశాక రంపపు పొట్టు, ఊక కలిపి మట్టిని గుల్లగా చేయించాం, పెద్ద పెడ్డల్ని జల్లెడ పట్టి చితక్కొట్టించాం, అప్పుడు గానీ రిపోర్టుల్లో కదలిక రాలేదు. రోటవేటర్ తోలే అన్న అయితే, పొడి ఎందుకండీ, నాకు డీజిల్ పోయిస్తే చాలు కదా అన్నాడు. నవ్వుకున్నాం గానీ అన్నదాంట్లో తప్పేముంది.

బంకమట్టి ఉన్నవాళ్ళు ముఖ్యంగా ఇది గుర్తుపెట్టుకోండి. ఇసుక నేలలో పని తేలిక, బంకమట్టిలో నూనె సన్నని సందుల్లోకి ఇంకి ఏళ్ళు గడిస్తే బ్యాక్టీరియాకి అందకుండా కూర్చుంటుంది. ఎంత పాత మచ్చయితే అంత మొండి. మొదట్లో గబగబా తగ్గి తర్వాత గ్రాఫు అడ్డంగా పడుకుంటుంది, అది మోసం కాదు, దాని స్వభావమే అంత.

మోసం ఎక్కడ జరగొచ్చంటే రిపోర్టులో. టీపీహెచ్ అని ఒకే అంకె ఇస్తారు, మట్టిలో మొత్తం పెట్రోలియం ఎంత ఉందో చెప్పే లెక్క. అది తగ్గింది కాబట్టి బ్యాక్టీరియా తిన్నట్టే అని చూపిస్తారు. కానీ తేలిక క్రూడ్ అయితే దున్నేటప్పుడే బోలెడు ఆవిరై గాల్లోకి పోతుంది, అది శుభ్రం చేయడం కాదు, మట్టిలోంచి తీసి మన ఊపిరితిత్తుల్లోకి పంపడం. ఇంకోటి, మనం కలిపిన ఊక, పొట్టు వల్ల మట్టి పల్చబడినా అంకె తగ్గుతుంది. ఈ రెండూ తీసేసి నిజంగా ఎంత తిన్నాయో తెలియాలంటే హోపేన్‌తో పోల్చాలి. క్రూడ్‌లో సహజంగానే ఉండే పదార్థం అది, బ్యాక్టీరియా దాని జోలికి దాదాపు పోదు, ఆవిరి కాదు. అది అలాగే ఉండి పక్కన తేలిగ్గా ఆవిరి కాని బరువైన ఆల్కేన్లు తగ్గాయంటే తిన్నట్టు, రెండూ కలిసి తగ్గాయంటే పల్చబడినట్టు. ఎక్సాన్ వాల్డెజ్ తీరంలో నిజంగా తిన్నాయా లేదా అని తేల్చింది కూడా ఈ లెక్కతోనే. ఇంత ఖర్చు వద్దనుకుంటే కనీసం 17 కార్బన్ల నిటారు ఆల్కేన్‌కీ, ప్రిస్టేన్ అనే కొమ్మలున్న ఆల్కేన్‌కీ ఉన్న నిష్పత్తి అడగండి, రెండూ దాదాపు ఒకే వేగంతో ఆవిరవుతాయి, బ్యాక్టీరియా మాత్రం మొదటిదాన్ని ముందు తింటుంది, కాబట్టి నిష్పత్తి పడిపోతే పని మొదలైనట్టు. ప్రిస్టేన్ కూడా మెల్లగా పోతుంది కాబట్టి చివరిదాకా దీన్నే నమ్ముకోవద్దు. మేము తీసుకున్న ప్యాకేజీలో ఇవేవీ లేవు, విడిగా ల్యాబుకి పంపించుకున్నాం. ఇక్కడ ఒక స్టార్ కోత.

లోతు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది నన్ను బాగా భయపెట్టిన సంగతి. నైజీరియాలో ఒగోనీలాండ్ అని, దశాబ్దాల తరబడి చమురు ఒలికిన ప్రాంతం, అక్కడ ఐక్యరాజ్యసమితి పర్యావరణ సంస్థ పరిశీలించి 2011లో రిపోర్టు ఇచ్చింది. అక్కడ శుభ్రం చేసే పద్ధతి కూడా ఇదే కుటుంబం, పై మట్టి దున్ని, ఎరువేసి, బ్యాక్టీరియాకి వదిలేయడం. తీరా తవ్వి చూస్తే 49 చోట్ల కనీసం 5 మీటర్ల లోతు దాకా హైడ్రోకార్బన్లు, అంటే చమురులో ఉండే పదార్థాలు, దొరికాయి. పైన గడ్డి మొలిచినంత మాత్రాన అయిపోయినట్టు కాదన్నమాట. రోటవేటర్ పళ్ళు పోయేది జానెడు లోతు, అంతకంటే కింద ఉన్నదానికి ఈ పొడి ఎంత చల్లినా లాభం లేదు, తవ్వి పైకి తీసి కుప్పపోసి లోపల గొట్టాలు పెట్టి గాలి ఊదాలి, లేదా నేలలోకే బోర్లు వేసి గాలి పంపాలి. మా దగ్గర పని మొదలుపెట్టే ముందు లోతుగా శాంపిళ్ళు తీయమని మేమే అడిగాం, వాళ్ళ ప్లానులో పై మట్టి శాంపిళ్ళే ఉన్నాయి. అదృష్టం, మా దగ్గర కింద గట్టి పొర ఉండబట్టి పెద్దగా దిగలేదు.

గాలి అందకపోతే అస్సలు తినవా అంటే తింటాయి, నత్తనడకన. అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రం బెమిడ్జీ దగ్గర 1979 ఆగస్టులో పైపులైను పగిలి 10,700 బ్యారెళ్ళ క్రూడ్ నేలపాలైంది. తీయగలిగినంత తీశాక మిగిలినదాన్ని సైంటిస్టులు అప్పటి నుంచీ గమనిస్తూనే ఉన్నారు. అక్కడ అడుగున ఆక్సిజన్ అయిపోయాక వేరే రకం సూక్ష్మజీవులు ఆక్సిజన్ బదులు మట్టిలోని ఇనుముని వాడుకున్నాయి, చివరికి ఏదీ లేక మీథేన్ చేసే దారిని పట్టుకున్నాయి, దశాబ్దాలు గడిచినా భూగర్భ నీటి మీద నూనె ఇంకా తేలుతూనే ఉంది. కాబట్టి ప్రకృతే చూసుకుంటుందిలే అనేవాళ్ళకి అది నిజమే, తొందర మాత్రం దానికి లేదు.

సేల్స్ వాళ్ళు ఇంకో మాట వదులుతారు, మా బ్యాక్టీరియా స్పెషల్, జీన్లు మార్చింది, పేటెంటు ఉంది అని. మా దగ్గరికి వచ్చినాయన కూడా చక్రవర్తి గారి పేరు చెప్పి ఊదరగొట్టాడు. ఆ కథ నిజమే గానీ ఇక్కడ అతకదు. ఆనందమోహన్ చక్రవర్తి జనరల్ ఎలక్ట్రిక్‌లో పనిచేస్తూ 1970ల మొదట్లో వేర్వేరు సూడోమోనాస్‌లలో ఉన్న నూనె తినే ప్లాస్మిడ్లని, అంటే ఆ పనికి కావాల్సిన జీన్లు మోసే చిన్న డీఎన్ఏ చుట్టల్ని, ఒకే దాంట్లోకి చేర్చారు, బతికున్న జీవికి పేటెంటు ఏంటని కేసు నడిచి 1980 జూన్ 16న అమెరికా సుప్రీంకోర్టు 5-4 తేడాతో ఇవ్వొచ్చు అని తీర్పు ఇచ్చింది. చట్టం చరిత్రలో అది పెద్ద మలుపు, బయోటెక్ కంపెనీలన్నీ ఆ తీర్పు నీడలోనే పెరిగాయి. కానీ ఆ బ్యాక్టీరియాని ఒలికిన చమురు మీద నిజంగా వాడింది లేదు. సంచుల్లో అమ్మే ఈ రకం పొడుల్లో ఉండేవి నేలలోంచి ఏరి పెంచిన మామూలు రకాలే, అలాగే ఉండటం మంచిది కూడా. జీన్లు మార్చినవి బయట వదలాలంటే అనుమతుల తతంగం వేరే ఉంటుంది, నిజంగానే అదైతే కాగితాలు చూపించమనండి, మా దగ్గరికి వచ్చిన సేల్స్ ఆయన అక్కడితో టాపిక్ మార్చేశాడు.

సర్వీసు సంగతి. ఫోన్ ఎత్తుతారు, వస్తామన్న రోజున వస్తారు, అందులో వంక పెట్టలేను. టెక్నీషియన్ చేసిన ఒక చిన్న టెస్టు నాకు చాలా నచ్చింది, గాజు సీసాలో ఇంత మట్టి, ఇన్ని నీళ్ళు పోసి బాగా ఊపి కాసేపు కదలకుండా పెట్టేవాడు. మొదట్లో నీళ్ళ పైన నల్లటి జిడ్డు పొర, సీసా గోడలకి మరకలు. కొన్ని వారాలకి రంగురంగుల పల్చటి తళుకు. తర్వాత తర్వాత ఆ తళుకు కూడా అక్కడక్కడా తునకలుగా మిగిలింది. ల్యాబు టెస్టుకి ఇది సాటి కాదు, కానీ పని చేసే కుర్రాళ్ళకి ఏం జరుగుతోందో కళ్ళకి కనపడటం వల్ల దున్నడం, తడపడం మీద శ్రద్ధ పెరిగింది. అలాగే మట్టిలో విత్తనాలు నాటి ఎన్ని మొలకెత్తాయో పక్కన శుభ్రమైన మట్టితో పోల్చి చూపించాడు. పొడి లేని మడిలోనూ అంతే బాగా మొలిచాయి, అది మాత్రం అతను రిజిస్టర్లో రాయలేదు, నేను రాశాను.

సర్వీసులో చిరాకు తెప్పించింది ఒకటుంది. నూనె తగ్గే వేగం మందగించగానే వాళ్ళ మొదటి సలహా ఇంకో విడత పొడి కొనమని. తేమ చూడలేదు, ఎరువు ఎంత మిగిలిందో చూడలేదు, ఆఫీసులో కూర్చుని కొటేషన్ పంపేశారు. మేము నైట్రోజన్ టెస్టు చేయించాం, దాదాపు ఖాళీ. యూరియా వేశాం, మళ్ళీ కదిలింది. పొడి కొనలేదు.

ఈ పద్ధతి వల్ల కానివి కూడా తెలుసుకుని దిగండి. క్రూడ్‌లో వనేడియం, నికెల్ లాంటి లోహాలు ఉంటాయి, వాటిని ఏ బ్యాక్టీరియా మాయం చేయలేదు, మట్టిలోనే ఉంటాయి. చమురుతో పాటు బావిలోంచి వచ్చే ఉప్పు నీళ్ళు కూడా పడ్డ నేలైతే ముందు ఆ ఉప్పు సంగతి చూడాలి, లేకపోతే బ్యాక్టీరియా తేరుకోదు. బాగా చల్లటి రోజుల్లో పని నీరసిస్తుంది, 20 నుంచి 35 డిగ్రీల మధ్యే జోరు. నూనె మరీ ఎక్కువగా, మట్టి కంటే నూనే ఎక్కువేమో అన్నట్టు ఉన్నచోట ముందు యంత్రాలతో తీయగలిగినంత తీసి, మిగిలినదాన్నే దీనికి వదలాలి. నెలలు పడుతుంది, మొండి మట్టికి ఏళ్ళు కూడా పట్టొచ్చు, వారాల్లో క్లీన్ అని ఎవరైనా అంటే పేరు గొప్ప ఊరు దిబ్బ అనుకోండి.

ఇంత తిట్టి మళ్ళీ తీసుకుంటావా అంటే, సర్వీసు తీసుకుంటా, పొడి తీసుకోను. పొడి లేకుండా సర్వీసు ఇస్తారా అని అడిగా, అలాంటి ప్యాకేజీ లేదన్నారు, ఉండదు కూడా, లాభమంతా పొడి మీదే కదా. మీరు కొత్తగా మొదలుపెట్టేవాళ్ళయితే ముందు ఒక మూల చిన్న మడి చేసి పొడి లేకుండా ఎరువు, తడి, దున్నడంతో చూడండి, దాంతో పాటే మట్టిలో నూనె తినే బ్యాక్టీరియా ఎన్ని ఉన్నాయో ల్యాబులో లెక్కపెట్టించండి, తక్కువని తేలితే అప్పుడు కొనండి. కొన్నా గడువు తేదీ చూసి, చల్లని చోట పెట్టి, ఎండలో డంప్ చేసిన సంచులు వెనక్కి పంపండి, మాకు వచ్చినవాటిలో కొన్ని పైన వేడెక్కి గడ్డకట్టి ఉన్నాయి, మార్పించుకున్నాం, మార్చినందుకు ఏమీ అనలేదు. మా మూడో మడిని ఇప్పుడు పొడి లేకుండానే దున్నుతున్నాం, మూలన ఉన్న తారు గడ్డల్ని మాత్రం ఏరి వేరుగా కాల్పించడానికి పంపించేశాం, అవి దీనికి లొంగే రకం కాదు.